స్విచ్ ఆపినాక

రాత్రి రెండు దాటితేగానీ
కొర్లగుంట నేల మాట్లాడదు.
పగలంతా ట్రాన్స్‌ఫార్మర్లు, పిండిమరలు, వెల్డింగు షాపులు,
రేణిగుంట వైపు రైలుతీగల రొద.
మన చెవికి అందదు గానీ
మా పెట్టెకు మాత్రం సంతలో కూచున్నట్టే.

అందుకే ఈ వేళ.
రెండు వీధులు కలిసేచోట
నలభై మీటర్ల తీగను చదరంగా పరుస్తాడు చెంగల్రాయులు,
చీర ఆరేసినట్టు, ముడత పడకుండా.
మూలకో రాయి పెడతాడు.
"తొక్కబాకండి సామీ" అంటాడు,
కుక్కలతో కూడా.

నా పని చిన్నది.
తీగలోకి కరెంటు పంపుతాను.
ఆపుతాను.
ఆపినాకే అసలు పని:
సెకనులో వెయ్యోవంతు సేపు
నేల తన జవాబు చెప్తుంది,
అప్పటికి నేను నోరు మూసుకుని ఉండాలి.

"అదెట్టా పోతాది లోపలికి?" అనడిగాడు మొదటిరోజు.
నువ్వొదిలే పొగ ఉంగరం ఉందే,
అది కిందికి దిగతా దిగతా పెద్దదైతే ఎట్టుంటుందో అట్టా, అన్నాను.
బీడీ ఆర్పేసి
చాలాసేపు తన కాళ్ళకింద చూసుకున్నాడు.

రాతిలో ఆ ఉంగరం ఇట్టే చెదిరిపోతుంది.
బంకమట్టిలో నిలబడుతుంది, పాత బాకీలాగ.
తెరమీద ఎరుపంటే రాయి.
నీలమంటే నీళ్ళు, లేదంటే బంక.
రెంటికీ ఒకటే రంగు.
మా వృత్తిలో అబద్ధమంతా అక్కడే ఉంది.

కొర్లగుంట పేరులో గుంట ఉంది, వీధుల్లో లేదు.
మొన్న రాత్రి మూడిళ్ళ కింద
వెడల్పాటి నీలం తేలింది.
ఆ ఇళ్ళవాళ్ళకి చెప్పలేదు. నిద్రపోతున్నారు.

ఈ ఊళ్ళో అందరూ పైకే చూస్తారు.
బస్సు దిగీదిగకముందే తలెత్తి
ఘాట్ రోడ్డు దీపాలు వెతుక్కుంటారు.
కిందికి చూసేది మేమిద్దరం,
ఇంకా బోరుబండి వాళ్ళు.

మూడోరాత్రి, పదిహేడో బిందువు.
గీత దిగలేదు.
దిగాల్సినచోట మొండికేసి వణుకుతూ నిలబడింది.
బంక కాదు, నీళ్ళు కాదు.
ఇనుము.

పక్కింటి తలుపు తెరుచుకుంది.
టార్చిలైటు వెనక దేశమ్మ.
"ఏంది, మా ఇంటిముందర పాతిపెడతా ఉండారు?"
పాతడం లేదమ్మా, చూస్తున్నాం అన్నాను.
మీ ఇంటికింద ఇనప గొట్టాలేమన్నా ఉన్నాయా?

మెట్టుమీద కూచుంది.
"ఆ మూల తొమ్మిదొందల అడుగులు.
గోడపక్కన పదకొండొందలు.
మూడోదాంట్లో దుమ్ము.
మా ఏకాంబరం మీసాలకి ఆ తెల్లదుమ్ము
మూడుదినాలు అట్నే ఉండె.
కడుక్కోమంటే కడుక్కోలే."

పెరట్లోకి రానిచ్చింది.
చేతి చుట్ట పట్టుకుని నడిచాం.
ఒకటి. రెండు. మూడు.
ఉతికే బండ దగ్గర
ముల్లు మళ్ళీ ఎగిరింది.

"మూడేనయ్యా" అంది దేశమ్మ.
చెంగల్రాయులు నావైపు చూశాడు.
నేను తెరవైపు చూశాను.
చెప్పొచ్చో లేదో ఏ మాన్యువల్లోనూ రాసిలేదు.

ఆమే వచ్చి ఆ బండమీద నిలబడింది,
చెప్పుల్లేకుండా.
"పెద్దోడి కాన్పుకి నేను పుత్తూరు పోయిన నెల" అంది మెల్లగా.
"వచ్చేతలికి ఈడ కొత్తబండ పరిచిండె.
నీ నడుంనొప్పికి ఎత్తుగా ఉంటాదని ఏయించినానే, అన్నాడు."

ముప్పైయ్యేళ్ళు
దానిమీదే ఉతికింది ఆయన చొక్కాలు.

నవ్విందో ఏమో, చీకట్లో తెలీలేదు.
రెండు గ్లాసులు తెచ్చింది.
"ట్యాంకరు నీళ్ళే. తాగండి."

నాలుగుకి పాలవ్యాన్లు మొదలవుతాయి,
ఆ తర్వాత నేల గొంతు దొరకదు.
పుస్తకంలో రాశాను:
బిందువు పదిహేడు, లోహపు అంతరాయం, తొలగించాలి.
నిబంధన అది. పటంలో ఆ ఇల్లు
తెల్లగా, ఖాళీగా ఉంటుంది.

చెంగల్రాయులు తీగ చుడుతూ
బండను చుట్టి నడిచాడు, తొక్కకుండా.

పద్దెనిమిదో బిందువు వీధి చివర.
స్విచ్ వేశాను. ఆపాను.
గీత నున్నగా దిగిపోయింది.
అక్కడ రాయి. ఒట్టి రాయి.